నీళ్ళు వెనక్కి పోకూడదు

రాళ్ళమిట్ట మున్సిపాలిటీలో కుళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పగలిగినవాళ్ళు లేరు. అలాంటి ఊళ్ళో, వచ్చిన నీళ్ళు వెనక్కి పోకుండా చూసుకోవాలన్న ఆర్డరు ఒకటి పెంచలయ్య చేతికొచ్చింది.

పెంచలయ్య తోటలకూ లాన్లకూ డ్రిప్పు పైపులు, స్ప్రింక్లర్లు బిగించే కాంట్రాక్టరు. ఊళ్ళో ఏ ఇంటి ముందు పచ్చగా కనిపించినా దాని కింద అతను పరిచిన పైపు ఉంటుంది. మనిషి మంచివాడే. ఎవరినీ మోసం చేసి ఎరగడు, వచ్చిన బేరాన్ని వదులుకున్నదీ లేదు. ఆర్డరును షాపు అరుగు మీద కూర్చుని చదివాడు.

"పట్టణ పరిధిలోని సమస్త సేద్య అనుసంధానములయందు తిరోగామి జల నిరోధక కవాటములను అమర్చుకొనవలయుననియు, సదరు కవాటములను ఏటేటా అధీకృత పరీక్షకునిచే పరీక్షింపజేసుకొనవలయుననియు, అట్లు చేయనిచో సదరు అనుసంధానము ఖండింపబడుననియు ఇందుమూలముగా తెలియజేయడమైనది."

అర్థం కాలేదు. మోటారు సైకిలు తీసుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయాడు.

నీటి సరఫరా చూసే డి.ఇ. సదానందం గారు ఫ్యాను కింద కూర్చుని ఉన్నారు. ఆయన గొంతు ఎత్తి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. రూలు పుస్తకంలో లేని మాట మాట్లాడగా విన్నవాళ్ళూ లేరు.

"ఈ కవాటం ఏంది సార్?" అన్నాడు పెంచలయ్య.

"వాల్వయ్యా. నీళ్ళు ఒకవైపుకే పోనిస్తుంది. తోటలో ఎరువులు కలిపిన నీళ్ళుంటాయి గదా. మెయిన్ పైపులో ఒత్తిడి పడిపోతే ఆ నీళ్ళు వెనక్కి పీల్చుకుని ఊరి పైపులోకి వస్తాయి. ఆ నీళ్ళు జనం తాగితే ఏమవుతుంది?"

పెంచలయ్య ఆలోచించాడు. మాటలో తప్పేమీ కనిపించలేదు. "నిజమే సార్. కాకపోతే మన మెయిన్ పైపులో నీళ్ళే ఉండవు గదా."

"ముందుకు పోయే నీళ్ళ సంగతి వేరే ప్రణాళికలో ఉంది," అన్నారు సదానందం గారు. "ఈ ఆర్డరు వెనక్కి వచ్చే నీళ్ళకు సంబంధించింది. రెంటినీ కలపగూడదు."

అసలు సంగతి తర్వాత గుమాస్తా చెప్పాడు. కమిషనర్ గారు ఏదో మహానగరంలో మూడు పూటలా భోజనాలు పెట్టిన సదస్సుకు పోయివచ్చారు. ఆ సదస్సు పేరు జల భద్రత. తిరిగొచ్చిన మర్నాటి నుంచి ఆయనకు ఊళ్ళో ఎటు చూసినా వెనక్కి పోతున్న నీళ్ళే కనిపిస్తున్నాయట.

పరీక్ష రుసుము కూడా ఆర్డరు వెనకే వచ్చింది. వాల్వు ఖరీదుకు మూడింతలు. "ఇంత రేటు పెడితే ఎట్ట సార్?" అని పెంచలయ్య అడిగితే, "రుసుము తక్కువైతే ప్రజలు భద్రతను తేలికగా తీసుకొందురు" అని కమిషనర్ గారు అన్నారని సదానందం గారు చెప్పారు. అందులో సగం పరీక్షకుడికి. పరీక్షలో వాల్వు తప్పితే వారంలోపల మళ్ళీ పరీక్ష, మళ్ళీ రుసుము. ఈ మాట విన్నాక పెంచలయ్యకు భద్రత మీద గౌరవం పెరిగింది. లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఊళ్ళో డ్రిప్పు కాంట్రాక్టరు అతనొక్కడే గనుక అధీకృత పరీక్షకుడూ అతనే అయ్యాడు.

మొదటి పరీక్ష గేటు వీధిలో, రిటైరైన హెడ్మాస్టరు గారింట్లో. ఇంటి ముందు గులాబీలు, కనకాంబరాలు. పెంచలయ్య కొత్తగా కొన్న ఒత్తిడి మీటరును వాల్వుకు తగిలించి కుళాయి తిప్పాడు. కుళాయి చిన్నగా దగ్గి ఊరుకుంది. మీటరు ముల్లు కదల్లేదు. కాసేపు చూసి, మీటరు ఊడదీసుకుని మళ్ళీ ఆఫీసుకు పోయాడు.

"నీళ్ళు లేవు సార్. పరీక్ష కాలేదు."

సదానందం గారు ఫారం తిప్పి చూపించారు. "ఇందులో ఉత్తీర్ణం, అనుత్తీర్ణం అని రెండే ఉన్నాయి. నీళ్ళు లేవు అని రాసేందుకు చోటు లేదు."

"మరెట్ట సార్?"

"పరీక్షకు వలసిన జలపీడనమును పరీక్షకుడే సమకూర్చుకొనవలయును. పదకొండో నిబంధన."

అంటే నీళ్ళు అతనే తెచ్చుకోవాలి. పెంచలయ్య బామ్మర్ది మాలకొండయ్యకు ఊరి బయట బోరూ, ట్యాంకరూ ఉన్నాయి. ఒకప్పుడు ఊళ్ళో నీళ్ళు అమ్ముకునేవాడు. ప్రైవేటు వ్యక్తులు పట్టణంలో నీళ్ళు అమ్మరాదని మున్సిపాలిటీ నిషేధం పెట్టినప్పటినుంచి ట్యాంకరు ఖాళీగా పడి ఉంది. పరీక్ష కోసం తెచ్చే నీళ్ళు అమ్మకం కిందికి రావని సదానందం గారు రూలు చూసి చెప్పారు. మాలకొండయ్య ట్యాంకరుకు పసుపు కుంకుమ పెట్టి బయల్దేరదీశాడు.

గేటు వీధి ఇరుకు. ట్యాంకరు లోపలికి రాదు. మెయిన్ రోడ్డు మీద ఆపి, హెడ్మాస్టరు గారి తోట దాకా పైపు లాగి, మోటారు పెట్టి తోట వైపు నుంచి వాల్వు మీదికి నీళ్ళు తోశారు. వాల్వు మంచిదైతే నీళ్ళు అక్కడే ఆగాలి. ఆగలేదు. వాల్వు లోపలి రెక్క కింద చిన్న రాయి ఇరుక్కుని ఉంది. నీళ్ళు దాన్ని దాటి సుఖంగా ఊరి పైపులోకి పోయాయి.

పెంచలయ్య ఫారం మీద అనుత్తీర్ణం అని రాస్తుండగా వీధి చివరి నుంచి గోల వినిపించింది. అరుపుల్లో ఏడుపు లేదు, తగాదా లేదు. అతను భయపడి అటు పరుగెత్తాడు.

వీధిలో ప్రతి కుళాయికీ నీళ్ళు వస్తున్నాయి. ఆడవాళ్ళు బిందెలూ, తపేలాలూ, చివరికి పిల్లల స్నానాల తొట్లూ తెచ్చి పెడుతున్నారు. ఇడ్లీ అంగడి కామాక్షమ్మ తన ఇంటి కుళాయి ముందు ఊరికే నిలబడి ఉంది. చెయ్యి నీళ్ళ కింద పెట్టి తీస్తోంది, మళ్ళీ పెడుతోంది. మెయిన్ రోడ్డు బోరింగు పంపు నుంచి రోజూ బిందెలు మోసి మోసి ఆమె నడుము ఒకవైపుకు ఒంగిపోయింది. ఇంట్లో కుళాయికి నీళ్ళొచ్చి చానా కాలమైంది.

"పెంచలయ్యా, ఈ నీళ్ళు నువ్వేనా పంపింది?" అంది.

"పంపలేదక్కా. వాల్వు పోయుండాది. కారినై."

"మళ్ళీ ఎప్పుడు కారతై?"

"వాల్వు బాగు చేసి వారంలోగా మళ్ళీ పరీక్ష చెయ్యాల. బాగు చేస్తే కారవు."

కామాక్షమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "అయితే బాగు చేయబాక," అంది.

పెంచలయ్య కిందికి చూశాడు. లైసెన్సు తీసుకున్నప్పుడు ప్రమాణం చేయించారు. అందులో 'నిష్పాక్షికముగా' అన్న మాట ఉంది. కానీ వాల్వు బాగు చేయించుకోవాల్సింది ఇంటివాళ్ళు, పరీక్షకుడు కాదు. ఆ సంగతి ఆర్డరులో స్పష్టంగా ఉంది. హెడ్మాస్టరు గారు బాగు చేయించుకోలేదు. వారం తిరిగేసరికి వాల్వు మళ్ళీ తప్పింది. రుసుము వీధిలో అందరూ తలా కొంచెం వేసుకుని కట్టారు. హెడ్మాస్టరు గారు జీవితంలో మొదటిసారి తప్పడం ఇంత గౌరవంగా ఉంటుందని తెలుసుకున్నారు. దారిన పోయేవాళ్ళు ఆయనకు నమస్కారం పెట్టి, "ఈ వారం కూడా ఫెయిలేనా సార్?" అని ఆత్రంగా అడిగేవాళ్ళు.

ఈ సంగతి ఊరంతా పాకడానికి ఎక్కువ కాలం పట్టలేదు. సేద్య కనెక్షను ఉన్న ఇంటికే పరీక్ష గనుక, పక్క వీధుల్లో జనం సేద్యం మొదలుపెట్టారు. పాత నూనె డబ్బాలో తులసి మొక్క నాటి, దానికి ఒక చుక్క పైపు తగిలించి, వాల్వు బిగించి, దాని రెక్క కింద అగ్గిపుల్ల పెట్టి పెంచలయ్యకు కబురు పెట్టేవాళ్ళు. అగ్గిపుల్లలు నాని విరిగిపోతున్నాయని కొందరు గాజు పెంకులు వాడారు. ఎవరి వాల్వైనా పొరపాటున పాసైతే ఆ వీధి ఆడవాళ్ళు వారం రోజులు ఆ ఇంటివాళ్ళతో మాట్లాడేవాళ్ళు కాదు.

పెంచలయ్య పగలంతా వీధులు తిరిగాడు. చేతినిండా పని. ఇంట్లో భార్య రవణమ్మ కొత్త గ్రైండరు కొనుక్కుంది. బామ్మర్ది రెండో ట్యాంకరు తెచ్చాడు. మొదట్లో ఫారం మీద అనుత్తీర్ణం అని రాయడానికి పెంచలయ్యకు చెయ్యి తడబడేది. తర్వాత రబ్బరు స్టాంపు చేయించుకున్నాడు.

ఆఫీసులో ఇంకో సంగతి జరిగింది. ఓవర్ హెడ్ ట్యాంకు కింద పెద్ద మీటరు ఒకటి ఉంది. ఊరికి ఎన్ని నీళ్ళు పోతున్నాయో అది చెప్పాలి. ఏళ్ళ తరబడి సున్నా దగ్గర నిద్రపోయిన ఆ మీటరు ఇప్పుడు తిరుగుతోంది. కాకపోతే వెనక్కి తిరుగుతోంది. మోటార్లు తోసిన నీళ్ళు వీధి పైపుల్లో నిండి ట్యాంకు వైపు ఎగబాకుతున్నాయి. సదానందం గారు ఆ అంకెలను యథాతథంగా కంప్యూటరులో ఎక్కించారు. అంకె ముందు మైనసు గుర్తును కంప్యూటరు ఒప్పుకోలేదు, తీసేశారు. ఆ నెల నీటి సరఫరాలో రాళ్ళమిట్ట జిల్లాకే మొదటి స్థానంలో నిలిచింది. కమిషనర్ గారి ఫొటో పేపర్లో పడింది.

అదే నెల జల భద్రతలో రాళ్ళమిట్ట జిల్లాకే చివరి స్థానంలో నిలిచింది. పరీక్షించిన వాల్వుల్లో దాదాపు అన్నీ తప్పిన పట్టణం రాష్ట్రంలో ఇంకొకటి లేదు. దీన్ని విచారించడానికి పైనుంచి ఒక ప్రత్యేకాధికారి వచ్చారు. కమిషనర్ గారు పెంచలయ్యను పిలిపించారు.

"సరఫరా విభాగం వారు మిమ్ములను సన్మానించవలయునని ప్రతిపాదించిరి," అన్నారు కమిషనర్ గారు. "భద్రతా విభాగం వారు మీ లైసెన్సు రద్దు పరచవలయునని ప్రతిపాదించిరి. రెండు ప్రతిపాదనలూ పరిశీలనలో ఉన్నవి. మొదట ఏది ఆమోదం పొందునో దానిని బట్టి శాలువా తెప్పించెదము."

పెంచలయ్య చేతులు కట్టుకుని, "తమ దయ సార్," అన్నాడు.

అనర్థం మర్నాడు పొద్దున జరిగింది.

కమిషనర్ గారి బంగళా ఊరి మధ్య మిట్ట మీద ఉంది. ఆయనకు జల భద్రతతో పాటు ప్రకృతి సేద్యం మీద కూడా మక్కువ. పెరట్లో డ్రమ్ము నిండా జీవామృతం కలిపించారు. పేడ, ఆవు పంచితం, బెల్లం, శనగపిండి, గుప్పెడు పుట్టమన్ను. అది డ్రిప్పు పైపు గుండా మొక్కలకు పోతుంది. ఆ పైపుకూ ఊరి పైపుకూ మధ్య వాల్వు లేదు. అధికార నివాసాలకు ఆర్డరులోనే మినహాయింపు ఉంది. అధికారుల ఇళ్ళ నుంచి నీళ్ళు వెనక్కి రావని నమ్మకం కాబోలు.

ఆ పొద్దున పెంచలయ్య పల్లపు వీధిలో పరీక్షలు చేసి మోటారు ఆపాడు. ఊరి పైపు నిండుగా ఉంది. పల్లంలో జనం ఆత్రపడి కుళాయిలకు సొంత మోటార్లు తగిలించి పీల్చారు. పైపులో నీళ్ళు కిందికి జారాయి, వాటి వెనకే మిట్ట మీద డ్రమ్ములోని జీవామృతం కూడా జారింది. సదానందం గారు మొదటి రోజు చెప్పింది ఒక్క అక్షరం తేడా లేకుండా జరిగింది.

ప్రత్యేకాధికారి అప్పుడు పల్లంలోని అతిథి గృహంలో తలకు సబ్బు రాసుకుని షవరు కింద ఉన్నారు.

గేటు వీధిలో కామాక్షమ్మ ఆ నీళ్ళతోనే మినప్పప్పు కడిగింది. వాసన చూసి పప్పంతా కాలవలో పారబోసింది. కొంగు బిగించుకుని నేరుగా పెంచలయ్య దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. బిందె అతని ముందు పెట్టింది.

"వాసన చూడు," అంది.

చూశాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నేను పప్పు కడిగితి గాబట్టి తెలిసె. ముందుగా ఎవురైనా పసిబిడ్డకు పోసుంటే?"

"మా నీళ్ళు గాదక్కా. బోరు నీళ్ళు. మిట్ట మీద నుంచి దిగింది ఇది."

"యాడ నుంచి దిగితే ఏంది? పైపులో నీళ్ళు నింపింది నువ్వు. వాల్వు బాగు చేయబాకని చెప్పింది నేను. ఇద్దరం గలిసి చేసినాం."

పెంచలయ్యకు ఆ పూట అన్నం సయించలేదు. స్టాంపు వేసిన ఫారాలు కళ్ళ ముందు తిరిగాయి. వాల్వు అనేది ఎందుకుందో అతనికి అప్పుడు నిజంగా తెలిసింది. సాయంత్రం ఆఫీసుకు పోయి, ఎవరూ అడక్కముందే సదానందం గారితో చెప్పేశాడు. వాల్వుల్లో అగ్గిపుల్లలున్నాయని, తను చూసీ చూడనట్టు ఊరుకున్నాడని. "వాటన్నిటినీ ఊరికే బాగు చేస్తా సార్. కమిషనర్ గారి బంగళాకు కూడా ఒక వాల్వు బిగిస్తా. పైసా వద్దు."

సదానందం గారు ఉలిక్కిపడ్డారు. "బంగళాకు మినహాయింపు ఉంది గదయ్యా. మినహాయింపు ఉన్నచోట బిగిస్తే నిబంధన ఉల్లంఘన."

విచారణ సభ జరిగింది. ప్రత్యేకాధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అధ్యక్షత వహించారు. పెంచలయ్యను మూల స్టూలు మీద కూర్చోబెట్టారు.

"కాలుష్యమునకు మూలకారణము ఏమి?" అని అడిగారు ప్రత్యేకాధికారి.

ఎవరూ మిట్ట వైపు చూడలేదు. కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. "చిత్తం. ఆ పదార్థము గొట్టములో ఎట్లు ప్రయాణించినది? నీటి వలన. గత పదేండ్లుగా మా గొట్టములలో నీరు లేదు, కాలుష్యమూ లేదు. నీరు వచ్చిన మాసముననే కాలుష్యము వచ్చినది. కావున మూలకారణము నీరు."

ప్రత్యేకాధికారి రుమాలు తీశారు. "ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు," అన్నారు.

"మరి బంగళాకు వాల్వు..." అంటూ పెంచలయ్య స్టూలు మీద నుంచి లేవబోయాడు. "సాంకేతిక విషయములు తరువాత," అన్నారు కమిషనర్ గారు.

వారంలో కొత్త ఆర్డరు వచ్చింది. ఇకమీదట కవాట పరీక్షలలో నీటిని ఉపయోగించరాదు. పరీక్ష పూర్తిగా నిర్జల విధానంలో జరగాలి. కవాటము ఉన్నదా, దాని మీద బాణము గుర్తు ఉన్నదా, సీలు ఉన్నదా అని మాత్రమే చూడాలి. రుసుములో మార్పు లేదు. పెంచలయ్య సన్మానం, లైసెన్సు రద్దు రెండూ ఇంకా పరిశీలనలోనే ఉన్నాయి.

రాళ్ళమిట్టలో కుళాయిలన్నీ మళ్ళీ ఎండిపోయాయి. వాల్వులన్నీ పాసయ్యాయి. పెంచలయ్య మాట ఇచ్చినట్టు ఇంటింటికీ తిరిగి అగ్గిపుల్లలూ గాజు పెంకులూ ఏరేశాడు. రుసుము తీసుకుంటుంటే చెయ్యి కాలినట్టుండేది. పరీక్ష అంటే ఇప్పుడు వాల్వు ముందు వంగి చూసి లేవడమే. గేటు వీధిలో ఆడవాళ్ళు ఖాళీ బిందెల మీద కూర్చుని అతను వంగడం, లేవడం చూసేవాళ్ళు. ఏమీ అనేవాళ్ళు కాదు. తిడితే బాగుండుననిపించేది అతనికి.

ఒకరోజు కామాక్షమ్మ కట్టెపుల్లతో నేల మీద గీతలు గీస్తూ అడిగింది. "ఆ వాల్వు ఒకవైపుకే నీళ్ళు పోనిస్తాది గదా?"

"అవునక్కా."

"వీధి నుంచి ఇంట్లోకి పోనిస్తాది. ఇంట్లోనుంచి వీధికి రానీదు."

"అంతే."

"దాన్ని అటుదిటు తిప్పి బిగిస్తే?"

పెంచలయ్య ఫారాలు పక్కన పెట్టాడు. కూర్చుని ఆమె గీసిన గీతలు చూశాడు. వీధి మొదట్లో హెడ్మాస్టరు గారి వాల్వు ఒక్కటి తిప్పితే, మెయిన్ రోడ్డు మీద ట్యాంకరు నుంచి ఆయన తోట గుండా తోసిన నీళ్ళు వీధి పైపులోకి పోతాయి. ఎదురు రావు. మిగతా ఇళ్ళ వాల్వులు రూలు ప్రకారమే ఉంటాయి గనుక ఎవరి తోట నీళ్ళూ పైపులో కలవవు. వీధి చివర మిట్ట వైపు పోయే పైపుకు ఇంకో వాల్వు అడ్డం పెడితే బంగళా నుంచి ఏదీ దిగదు. ఊరి పైపు అని పేరే గానీ, అది గేటు వీధి సొంత పైపు అవుతుంది.

"నీళ్ళు అమ్మగూడదు గదక్కా," అన్నాడు.

"అమ్మమని ఎవురన్నారు? మీ బామ్మర్దికి మేము ఇడ్లీలు పెడతాం. ఆయన మాకు నీళ్ళు పెడతాడు. చుట్టరికం."

మర్నాడు పెంచలయ్య హెడ్మాస్టరు గారి వాల్వు ఊడదీసి తిప్పి బిగించాడు. మిట్ట వైపు వాల్వును తన సొంత డబ్బుతో కొని రెండుసార్లు, నీళ్ళతోనే, పరీక్ష చేశాడు. ఒక చుక్క దాటలేదు. కొద్ది రోజుల్లో పక్క వీధి, ఆపై వీధి. ప్రతి వీధి మొదట్లో ఒక వాల్వు తిరిగింది, మిట్ట వైపు ఒకటి పెరిగింది. మాలకొండయ్య ట్యాంకర్లకు చుట్టాలు ఎక్కువయ్యారు. కామాక్షమ్మ రెండు పూటలా ఇడ్లీ పెట్టసాగింది.

ఏడాది తనిఖీకి సదానందం గారు స్వయంగా వచ్చారు. పెంచలయ్య ఫారాలు పట్టుకుని వెనకే నడిచాడు. హెడ్మాస్టరు గారి గేటు దగ్గర ఆయన కళ్ళజోడు సవరించుకుని వాల్వు ముందు వంగారు.

"కవాటము ఉన్నది," అని టిక్కు పెట్టారు. "సీలు ఉన్నది. బాణము..."

ఆగారు. బాణం వైపు చూశారు. అది చూపిస్తున్న వైపు చూశారు. అటు వీధి ఉంది. వీధిలో కుళాయిల కింద బిందెలు నిండుతున్నాయి.

"బాణము వీధి వైపుకున్నదే?" అన్నారు.

"ఉండాది సార్," అన్నాడు పెంచలయ్య.

సదానందం గారు ఫారం మళ్ళీ చదివారు. బాణము గుర్తు ఉన్నదా, లేదా అని మాత్రమే ఉంది. ఎటువైపు అని అడగలేదు. తర్వాత 'ఉన్నది' దగ్గర టిక్కు పెట్టి సంతకం చేశారు. కలం మూత పెట్టి జేబులో పెట్టుకుని నాలుగడుగులు నడిచి ఆగారు. అటూ ఇటూ చూసి పెంచలయ్యను దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"మా కాలనీలో మొదటి ఇల్లు మాదే," అన్నారు మెల్లగా. "మా వాల్వు ఎట్లుంది?"

"రూలు ప్రకారం ఉండాది సార్."

సదానందం గారు దీర్ఘంగా ఊపిరి వదిలారు. "అదే మా ఆవిడ రోజూ అంటోంది," అన్నారు. "రేపు పొద్దున నేను ఆఫీసుకు పోయాక వచ్చి తిప్పేసి పో."